పదకొండు పేజీల ఫ్లూ

కరోనా రోజుల్లో మా బంధువుల వాట్సాప్ గ్రూపులో పెద్ద యుద్ధం నడిచింది. ఒక వర్గం వాళ్లు "ఇది ఉత్త ఫ్లూ లాంటిదే, ఏటా ఫ్లూతో పోయేవాళ్లు పోవడం లేదా" అన్నారు. రెండో వర్గం వాళ్లు "దానికీ దీనికీ పోలికే లేదు" అన్నారు. పొద్దున లేస్తే చాలు, ఒకరి మీద ఒకరు అంకెలు విసురుకోవడమే. చివరికి మా ఆడపడుచు కొడుకు నన్ను లాగాడు. "అత్తా, నువ్వు జననమరణాల సెక్షన్‌లో తల నెరిసేదాకా పనిచేశావు కదా, నువ్వే తేల్చు" అన్నాడు. నేను రెండు చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టి ఊరుకున్నాను.

అది ఉత్త ఫ్లూ కాదని తర్వాత మా వీధి వీధంతా ఏడ్చి మరీ తెలుసుకుంది. నేను నోరు మూసుకున్నది మాత్రం వేరే కారణానికి. ఆ వాదనలో పాతికేళ్ల ముందే నేనొకసారి గెలిచాను. నలుగురూ చప్పట్లు కొట్టారు కూడా. ఎలా గెలిచానో తల్చుకుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి. రిజిస్టర్లు మూలకు చేరి కంప్యూటర్లు వచ్చాక మా సెక్షన్‌లో చేరిన పిల్లలు మీరు. మీటలు నొక్కితే అంకె వస్తుందనీ, వచ్చిన అంకె నిజమనీ మీ నమ్మకం. అందుకే మీకు చెబుతున్నాను. పేర్లు మాత్రం ఎవరివీ చెప్పను. బతికున్నవాళ్లు పోట్లాటకు వస్తారు, పోయినవాళ్లు రాలేరు, రెండూ ఇబ్బందే.

మా మున్సిపల్ సర్కిల్ ఆఫీసు నారాయణగూడ చౌరస్తాకు కాస్త లోపల, సైకిలు షాపు మీద మేడపైన ఉండేది. మేడ మీద రెండు కిటికీలు. జననాల కిటికీలో కూర్చున్న ఆవిడకు రోజూ ఎవరో ఒకరు మిఠాయి పెట్టేవాళ్లు. నాది మరణాల కిటికీ. అప్పటికి నాకు ముప్పై రెండేళ్లు. దస్తూరీ ముత్యాల్లా ఉంటుందని పేరు. నోరు కూడా బాగానే ఆడుతుందని ఇంకో పేరు.

ఆఫీసులో నాకు కావలసినవాడు అటెండరు చాచా. ముషీరాబాదులో పుట్టి పెరిగాడు. ఆయనకొక అలవాటు ఉండేది. ముషీరాబాదు నుంచి చిక్కడపల్లి దాకా ఎవరింట్లో చావైనా, హిందువులదైనా ముస్లిములదైనా, తప్పకుండా వెళ్లి వచ్చేవాడు. బంధుత్వం అక్కర్లేదు. అందుకే నా కిటికీ ముందు నిలబడ్డ మనిషి నోరు తెరవకముందే "ఆయన మేనల్లుడు" అని నా చెవిలో చెప్పేసేవాడు.

మా పై అధికారి డాక్టరుగారు. మంచి మనిషే. ఏ కాగితం ముందు పెట్టినా "ఇది మన మీదికి రాదు కదా?" అని అడిగేవాడు. రాదంటే సంతకం పెట్టేవాడు, వస్తుందంటే కాగితాన్ని అద్దం కింద పెట్టేవాడు. ఆయన బల్ల అద్దం ఒక పక్కకు ఎత్తుగా ఉండేది.

ఇక అసలు కథ. తొంభై నాలుగులో వినాయక నిమజ్జనం అయిన కొద్ది రోజులకే సూరత్‌లో ప్లేగు అని పేపర్లలో వచ్చింది. హైదరాబాదులో ప్లేగు లేదు, దాని భయం మాత్రం తొలి బండికే దిగింది. చిక్కడపల్లి మెడికల్ షాపుల్లో టెట్రాసైక్లిన్ మాత్రలు ఒక్క పూటలో ఖాళీ. సుల్తాన్ బజార్‌లో జేబురుమాళ్లు దొరకలేదంటే నమ్మండి. అశోక్ నగర్ గదుల్లో ఉండి గ్రూప్స్‌కు చదివే కుర్రాళ్లు ముక్కులకు రుమాళ్లు కట్టుకుని బజ్జీలు తినడానికి మాత్రం విప్పేవాళ్లు.

ఆ శుక్రవారం నాడు నా కిటికీ ముందుకు ఒక పెద్దమనిషి వచ్చాడు. లెక్కల లెక్చరరుగా రిటైరయ్యాడు, అశోక్ నగర్‌లో వాళ్ల కాలనీ సంఘానికి అధ్యక్షుడు. తెల్ల ప్యాంటు, ఇస్త్రీ చొక్కా, ముక్కు మీద మడత పెట్టిన రుమాలు. వెనుక కాలనీవాళ్లు నలుగురు. చేతిలో అర్జీ.

అర్జీ సంగతి ఇది. వాళ్ల కాలనీ పక్కన, నాలా ఒడ్డున ఖాళీ జాగాలో పాలమూరు కూలీల గుడిసెలు ఉన్నాయి. అందులో ఒకడు సూరత్‌లో మిల్లు పని వదిలి పారిపోయి వచ్చాడు. వాడికి జ్వరం. బస్తీలో ఇంకా చాలామందికి జ్వరాలు. కాబట్టి ఆ గుడిసెలు ప్రజారోగ్యానికి ముప్పు అని మా ఆఫీసు ఒక ఉత్తరం ఇవ్వాలి. ఆ ఉత్తరం ఉంటే చాలు, గుడిసెలు పీకించే పని వాళ్లే చూసుకుంటారు.

వరసలో ఆ బస్తీ ఆడమనిషి కూడా ఉంది. ముప్పై ఏళ్లుంటాయేమో. పొద్దున ఇళ్లల్లో గిన్నెలు తోమి, తర్వాత ఇటుకలు మోసే మనిషి. సూరత్ నుంచి వచ్చినవాడు ఆమె తమ్ముడే. ఆమె వస్తుంటే వరస రెండుగా చీలింది. ఆమె మాత్రం ఎవరినీ పట్టించుకోకుండా నేరుగా కిటికీ పట్టుకుంది.

"మేడం, గుడిసెలు తీసేస్తరంట. యాడికి పోవాలె? తమ్మున్ని కోరంటికి తోలుకపోయి సూపిచ్చిన. రగతం తీసిన్రు. వారం దినాలల్ల చెప్తమన్నరు. గంతల్నే పీకేస్తే ఎట్ల?"

జ్వరాల దవాఖానను మా ఊళ్లో కోరంటి అంటారు. క్వారంటైన్ అన్న ఇంగ్లీషు మాట జనం నోళ్లలో నలిగి అలా తయారైంది.

లెక్చరరుగారు ఆమె వైపు చూడకుండా నాతో అన్నాడు. "చూడమ్మా, ఇది ఎవరి మీదా కోపంతో చేస్తున్నది కాదు. ప్లేగు పట్టుకుంటే, మందు వేళకు పడకపోతే, దాదాపు ఎవరూ మిగలరు. ఇది శాస్త్రం."

నా నోరు ఊరుకోలేదు. "ఆ జ్వరం ప్లేగేనని ఎవరన్నారండి? వానాకాలం ఫ్లూ అయి ఉండొచ్చు కదా."

"ఫ్లూకీ ప్లేగుకీ పోలికా? ఫ్లూతో చచ్చేదెవరు?"

వరసలో ఉన్న గ్రూప్స్ కుర్రాడొకడు రుమాలు కిందికి లాగి, "ఫ్లూతోటి గూడ చస్తరు సార్. ఎన్కట ఒకసారి దునియంత సచ్చిన్రు, మా బుక్కుల ఉన్నది" అన్నాడు. ఇంకొకడు "అది యేరే ఫ్లూ రా, ఏటా వచ్చేది గాదు" అన్నాడు. పుట్టిన తేదీ సర్టిఫికెట్ కోసం వచ్చినవాళ్లు పని మరిచి రెండు పార్టీలైపోయారు. అరుపులకు డాక్టరుగారు గదిలోంచి బయటికి వచ్చాడు.

"ఏం గొడవ? ఇది మన మీదికి రాదు కదా?"

"అంకెలున్నాయి సార్" అన్నాను నేను. బీరువాలోంచి ఏడాది సారాంశం కాగితం లాగాను. అది తయారు చేసింది నేనే. రిజిస్టరులో కారణాల గడి చూసి, ఏ జబ్బుతో ఎందరు పోయారో కూడి పైకి పంపే కాగితం అది. అందులో ఫ్లూ ఎదురుగా ఉన్న అంకెను గొంతెత్తి చదివాను.

ఆ అంకె ఎంతో మీకు చెప్పను. చెబితే మీలో ఎవరో ఒకరు దాన్ని ఇంటర్నెట్టులో పెడతారు, ఇక అది చిరంజీవి అయిపోతుంది. చాలా పెద్ద అంకె అని మాత్రం అనుకోండి.

"పోయినేడు మన సర్కిల్లో ఫ్లూతో పోయినవాళ్లు ఇంతమంది. ప్లేగుతో పోయినవాళ్లు సున్నా. మరి పోయినేడు ఎవరి ఇళ్లు పీకించాం?" అన్నాను.

గ్రూప్స్ కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు. జననాల కిటికీ ఆవిడ మిఠాయి నములుతూనే తల ఊపింది. డాక్టరుగారి ముఖం వెలిగిపోయింది, ఉత్తరం మీద సంతకం పెట్టక్కర్లేదు కదా. లెక్చరరుగారు మాత్రం ఆ కాగితం వైపు అలా చూస్తూ ఉండిపోయాడు. బోర్డు మీద తప్పు లెక్క చూసిన మేష్టారి చూపు అది.

"ఇంత ఎక్కువ ఉండకూడదే" అన్నాడు మెల్లగా. "సోమవారం వస్తాను. నాకు ఈ సారాంశం వద్దు, అసలు రిజిస్టరు చూపించండి."

"తప్పకుండా రండి" అన్నాను. ఎంత పొగరుగా అన్నానో!

మర్నాడు పొద్దున బస్తీ ఆమె నాలుగు కాల్చిన మక్కజొన్న బుట్టలు తెచ్చి కిటికీ గూట్లో పెట్టి వెళ్లింది. ఉద్యోగంలో నా కిటికీకి వచ్చిన మొదటి కానుక అది. ఒకటి చాచాకు ఇచ్చి, ఒకటి నేను కొరుకుతూ, సోమవారానికి సిద్ధంగా ఉండాలని పోయినేటి రిజిస్టరు దించమన్నాను. ఫ్లూ అని ఉన్న వరసల పక్కన పెన్సిలుతో చిన్న టిక్కు పెట్టుకుంటూ పోతున్నాను. చాచా నా భుజం మీదుగా చూస్తున్నాడు.

"మేడం, ఈయన ఫ్లూతోని పోలే."

"మరి?"

"స్కూటర్ గుద్దింది. బాగ్ లింగంపల్లి మూల మీద. నేనే పోయిన మయ్యత్‌కు."

నేను నవ్వాను. ఇంకో రెండు వరసలు దిగాను.

"ఈ అమ్మ కూడ కాదు. తొంభై ఏండ్లు. నిద్రల్నే పోయింది. కొడుకులు డప్పులు కొట్టించి తీస్కపోయిన్రు. ఈయన, ఈయన శరాబ్ తాగి కార్జం ఖరాబైంది. వీళ్ల బామ్మర్ది నాకు దోస్తు."

నా చేతిలోని మక్క బుట్ట చేతిలోనే ఉండిపోయింది. అప్పుడు కనిపించింది నాకు, నేను చేసిన ఘనకార్యం.

ఆసుపత్రిలో పోతే చీటీ వస్తుంది, కారణం చూసి రాసేస్తాం. ఇంట్లో పోయినవాళ్లను వేరే పేజీల్లో రాసేవాళ్లం, వాళ్లకు మామూలుగా చీటీ ఉండదు, వచ్చినవాళ్లను అడగాలి. ఏమైందంటే "జరమొచ్చింది మేడం, పోయిండు" అంటారు. ఏం జ్వరమంటే "జరమే మేడం" అంటారు. ఏడుస్తున్న మనిషిని ఇంకెన్ని ప్రశ్నలని వేస్తాం? అందుకని పైన ఏముంటే అదే అనుకుని కింద రెండు చిన్న గీతలు పెట్టేదాన్ని. డిటో. మొదట జ్వరాలకే పెట్టేదాన్ని. తర్వాత రద్దీ ఉన్న రోజుల్లో కారణం సరిగా చెప్పని ప్రతివాళ్లకూ పెట్టాను. ఒక పేజీ నిండితే కొత్త పేజీలో మొదటి వరసకు డిటో కుదరదు కాబట్టి, వెనక పేజీ చివర ఏ మాట ఉందో దాన్నే ముత్యాల్లాంటి అక్షరాలతో మళ్లీ రాసేదాన్ని. చలికాలంలో ఒక ప్రైవేటు డాక్టరు ఎవరికో నిజంగానే ఫ్లూ అని చీటీ ఇచ్చాడు. ఆ ఒక్క ఫ్లూ నా చేతి మీదుగా పదకొండు పేజీలు నడిచింది.

స్కూటరు కింద పడ్డవాడు, తాగి పోయినవాడు, తొంభై ఏళ్ల పెద్దామె, అందరూ నా దయవల్ల ఫ్లూ. వాళ్లందరినీ కూడి నేను చప్పట్లు కొట్టించుకున్నాను.

చాచా నా ముఖం చూసి జాలిపడ్డాడు. "పరేషాన్ కాకుండ్రి మేడం. సోమవారం లోపల ఈ బుక్కు మీద జర ఇంకు పడితే ఎట్లుంటది? పాత బుక్కు. నా చెయ్యి వణుకుతది, అందరికి ఎరుకే."

నేను వద్దనలేదు వెంటనే. నిజం చెబుతున్నాను, ఇంకు బుడ్డి వైపు చూశాను. ఆ అంకె తప్పే, కానీ దాని వల్ల జరిగింది మంచి పని. నలభై గుడిసెలు నిలబడ్డాయి. నేను నోరు విప్పితే ఉత్తరం వెళుతుంది, ఆమె, ఆమె తమ్ముడు, అందరూ రోడ్డు మీద పడతారు. నిజం చెప్పి వాళ్ల నెత్తిన కప్పు తీయాలా? ఆదివారమంతా ఇదే ఆలోచన. మావారు పప్పులో ఉప్పు లేదన్నాడు, ఎన్నడూ లేనిది నేను ఎదురు జవాబు కూడా చెప్పలేదు.

ఆదివారం సాయంత్రానికి ఒక సంగతి మాత్రం అర్థమైంది. రిజిస్టరు మీద ఇంకు పడితే లెక్చరరుగారికి అనుమానం రాకపోవడమన్నది ఉండదు. ఆయన లెక్కల మనిషి, మరకను చూసే జవాబు చెప్పగలడు. నా తప్పు ఆయన పట్టుకుంటే బస్తీ ఆమె మాట కూడా అబద్ధంలో కలిసిపోతుంది. దానికంటే నేనే చెప్పడం నయం. ఇదేదో గొప్ప నీతి అనుకోకండి, సగం భయమే.

సోమవారం డాక్టరుగారి గదిలో అందరం చేరాం. లెక్చరరుగారు కళ్లజోడు తుడుచుకుంటున్నాడు. బస్తీ ఆమె గోడకు ఆనుకుని నిలబడింది. నేను రిజిస్టరు బల్ల మీద పెట్టి, ఆయన తెరవకముందే చెప్పేశాను. డిటో సంగతి, పేజీలు తిప్పిన సంగతి, స్కూటరు సంగతి, అన్నీ.

డాక్టరుగారు రెండు చేతులతో తల పట్టుకున్నాడు. "ఇది మన మీదికి వస్తుంది" అన్నాడు. ఆ వాక్యం ప్రశ్న కాకుండా ఆయన నోట వినడం నాకు అదే మొదలు.

లెక్చరరుగారు నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. పాఠం చెప్పాడు. "చూడమ్మా, నీ అంకె నిజమైనా నీ వాదన తప్పే. ఊరంతటిలో ఎందరు పోయారని నువ్వు లెక్క వేశావు. జబ్బు పట్టినవాళ్లలో ఎందరు పోతారని నేనంటున్నాను. రెండూ వేరు. ప్లేగు ఇక్కడ ఎవరికీ రాలేదు కాబట్టి సున్నా. వస్తే తెలుస్తుంది. పోయినవాళ్లు పైన, జబ్బు పడ్డవాళ్లు కింద, అప్పుడే అది రేటు. నీ రిజిస్టరులో పైన ఉండాల్సిన అంకే తప్పు, కింద ఉండాల్సిందయితే అసలు లేనే లేదు."

ఆయన డాక్టరుగారి వైపు తిరిగి, "ఇక ఉత్తరం ఇవ్వడానికి అభ్యంతరం లేదనుకుంటాను" అన్నాడు. డాక్టరుగారు కలం క్యాప్ తీశాడు.

అప్పుడు గోడ దగ్గరి నుంచి ఆమె మాట్లాడింది. గట్టిగా అరవలేదు, నిజంగానే తెలుసుకుందామని అడిగినట్టు అడిగింది.

"మేడం, నాకొకటి సమజైతలే. ఆ బుక్కుల పోయినోళ్లనే రాస్తరా?"

"అవును."

"మా బస్తీల గీ జరం శానమందికి వచ్చింది. నాకు వచ్చింది. ఐదారు దినాలు పండినం, లేసి పనికి పోయినం. మా అత్త ఒక్కతే పోయింది. ఆమెను ఊరికి తీస్కపోయి మట్టి చేసినం, ఆమె గూడ మీ బుక్కుల లేదు. మేము బతికినోళ్లం, మమ్మల్ని యాడ రాసుకున్రు? మమ్మల్ని రాయకుంటనే మాది ప్లేగు అని సారుకెట్ల ఎరుకైంది?"

లెక్చరరుగారు చెప్పిన పాఠంలో కింద ఉండాల్సిన అంకె అదే. ఆమె బడికి వెళ్లిన మనిషి కాదు. కానీ ఆ గదిలో పాఠం అర్థమైంది ఆమె ఒక్కదానికే. లెక్చరరుగారు కూడా ఆ సంగతి గ్రహించాడని ఆయన ముఖం చూస్తే తెలిసింది. పాఠం బాగా అప్పజెప్పిన పిల్లను చూసినట్టు ఒక్క క్షణం చూసి, మళ్లీ ముఖం గంభీరంగా పెట్టుకున్నాడు.

"న్యాయమైన ప్రశ్నే" అన్నాడు. "రాయించండి. గురువారం వస్తాను."

డాక్టరుగారు క్యాప్ మళ్లీ బిగించి అర్జీని అద్దం కింద పెట్టాడు. ఆ అద్దం మీద నాకు ప్రేమ పుట్టింది ఆ రోజే.

మంగళవారం నేనూ చాచా ఒక కొత్త పొడుగాటి నోటుబుక్కు పట్టుకుని బస్తీకి వెళ్లాం. గీతలు నేనే గీశాను. ఎవరు, వయసెంత, జ్వరం ఎప్పుడు మొదలైంది, ఎన్నాళ్లు, ఏమైంది. ఈసారి డిటో పెట్టనని చాచా ముందు చెవులు పట్టుకుని ఒట్టేశాను. ఆయన నమ్మినట్టు కనబడలేదు.

మూడో గడి దగ్గరే చిక్కొచ్చింది. ఎవరికీ తేదీ తెలియదు. "ఎప్పుడొచ్చింది జ్వరం?" అంటే "మొన్న" అంటారు. మొన్న అంటే నిన్నటి ముందు రోజు కావచ్చు, పోయిన నెల కావచ్చు. చాచాయే దారి చూపించాడు. "తారీకు అడగకుండ్రి. పండుగ అడుగుండ్రి." అంతే, గుడిసె గుడిసెకూ జవాబులు వచ్చాయి. "వినాయకుని సాగదోలిన మూడో దినం." "లారీల ఇసుక దిగిన నాడు. అగో, పెద్ద వాన పడలే? దాని తెల్లారి." "నా తమ్ముడు సూరత్ నుంచి వచ్చి దిగిన నాడు నేను లేసి కూసున్న." అవన్నీ తేదీలుగా మార్చడానికి చాచా తన చావుల లెక్క వాడాడు. పెద్ద వాన పడిన రోజు ఎవరి అంత్యక్రియల్లో తడిసిందీ ఆయనకు గుర్తే.

తమ్ముడు గుడిసె బయట మంచం మీద కూర్చుని గంజి తాగుతున్నాడు. సన్నగా ఉన్నాడు, దగ్గు ఉంది, కానీ మనిషి తేరుకున్నాడు. ముక్కుకు రుమాలు కట్టుకుని ఉన్నాడు. ఎందుకంటే, "సారోళ్లు బుగులు పడుతరని" అన్నాడు. అతని కంటే ముందే బస్తీలో చాలామందికి జ్వరం వచ్చి తగ్గిపోయిందని వరసలు చూస్తేనే తెలుస్తోంది. అంటే ఇది సూరత్ నుంచి దిగిన జ్వరం కాదు. రైలు దిగినవాడికి ఇక్కడే అంటుకుంది.

మరి అందరికంటే ముందు ఎవరికి? అందరి వేళ్లూ ఆమె వైపు చూపించాయి. "నీకు యాడికెళ్లి వచ్చింది?" అని చాచా అడిగాడు. ఆమె చాలాసేపు చీర కొంగు వేలికి చుట్టుకుంది.

"చెప్పాల్నా మేడం? చెప్తే పని పోతది."

"రాయను. చెప్పు."

నిమజ్జనం రోజుల్లో ఆమె గిన్నెలు తోమే ఇంట్లో మనవరాలికి జ్వరమట. ఇంటావిడ పూజలో ఉంటే, పిల్ల వాంతి చేసుకుంటే ఈమే ఎత్తుకుని, కడిగి, తడిగుడ్డ వేసిందట. మూడో రోజుకు ఈమె పడిపోయింది. తర్వాత గుడిసెలో అత్త. ఆ ఇల్లు ఎవరిదో మీరు ఊహించే ఉంటారు. ప్లేగు భయం మొదలవగానే ఆ ఇంట్లోవాళ్లే ఆమెను పనికి రావద్దన్నారు.

చాచా ఎగిరి గంతేశాడు. "యా అల్లా! లెక్కల సారింట్లకెళ్లి వచ్చిందా జరం!" నేనూ తక్కువ తినలేదు. గురువారం ఏ మాటతో మొదలుపెట్టాలి, ఏ మాట దగ్గర ఆగాలి, అంతా నడుస్తూ నడుస్తూనే తయారు చేసుకున్నాను. ఆమె వెనక నుంచి పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "మేడం, ఒట్టు, చెప్పకుండ్రి. ఆ పిల్ల ఏం చేసింది పాపం." నాకు కోపం వచ్చింది. ఆ కోపం ఎవరి మీదో ఇప్పటికీ తెలియదు.

గురువారం మళ్లీ అందరం అదే గదిలో. కోరంటి నుంచి తమ్ముడి రక్తం కాగితం వచ్చింది. ప్లేగు లేదు. డాక్టరుగారు దాన్ని ముందే చదివి పెట్టుకుని మహా ఉత్సాహంగా ఉన్నాడు. కానీ లెక్చరరుగారి చూపంతా నా నోటుబుక్కు మీదే. అది తెరిచి వేలు పెట్టి ఒక్కొక్క వరసా చదివాడు. పేర్లు చదివాడు, రోజులు చదివాడు. తమ్ముడి వరస దగ్గర ఆగి పైకి చూశాడు, కిందికి చూశాడు, తల పంకించాడు. తన వాదన అక్కడే కూలిపోయిందని తెలుసుకున్నాడు, దాచుకోలేదు. "సూరత్ కాదన్నమాట" అన్నాడు.

తర్వాత వేలు మొదటి వరసకు వెళ్లింది. "ఈ ఒకటో నంబరు నువ్వేనా?"

"నేనే సారూ" అంది ఆమె.

"రెండో నంబరు, ఈ పెద్దామె?"

"మా అత్త సారూ. పోయింది."

"నిమజ్జనమైన మూడో రోజు నీకు. నీకెక్కడి నుంచి వచ్చింది?"

నా నాలుక మీద మొత్తం ఉపన్యాసం సిద్ధంగా ఉంది. చాచా తలుపు దగ్గర నుంచి కళ్లతోనే "చెప్పుండ్రి, చెప్పుండ్రి" అంటున్నాడు. ఆమె నా వైపు చూడలేదు, నేల వైపు చూస్తూ "ఎరుక లే సారూ" అంది. ముప్పై రెండేళ్లుగా ఒక్క క్షణం ఊరుకోని నా నోరు ఆ రోజు ఎలా మూతబడిందో నాకే ఆశ్చర్యం.

ఆయన ఆ తేదీ వైపే చూస్తున్నాడు. పెదవులు కదులుతున్నాయి, ఏదో వెనక్కి లెక్కపెడుతున్నాడు. మూడు, రెండు, ఒకటి. ఉన్నట్టుండి వేలు ఆగిపోయింది. ముక్కు మీది రుమాలు ఎప్పుడు తీశాడో నేను గమనించనే లేదు. రుమాలు లేకుండా ఆయన ముఖం చాలా ముసలిగా కనిపించింది.

డాక్టరుగారి చేతిలోంచి కలం తీసుకున్నాడు. నోటుబుక్కులో ఒకటో నంబరుకు పైన, నేను గీసిన గీతకూ శీర్షికకూ మధ్య ఉన్న కాస్త జాగాలో, సున్నా వేశాడు. దాని పక్కన తన ఇంటి నంబరు రాశాడు. వయసు గడిలో ఆరు అని రాశాడు. మొదలైన రోజు గడిలో నిమజ్జనం అని రాశాడు. చివరి గడి, ఏమైంది అన్న గడి దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. కింద రెండో వరసలో, అత్త పేరు ఎదురుగా అదే గడిలో, పోయింది అని నేను రాసిన మాట ఉంది.

ఆమె గోడ దగ్గరి నుంచి రెండడుగులు ముందుకు వచ్చింది.

"సారూ, పాపకు దగ్గు పోయిందా?"

ఆయన తల ఊపాడు. కలం బల్ల మీద పెట్టి, అద్దం ఎత్తి, తన అర్జీని తనే తీసుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు.